జలపాతానికి దారి ఉంది.. తిరుగు దారికి లెక్క ఏదీ?

* వానాకాలంలో అటవీ జలపాతాలకు పోటెత్తుతున్న సందర్శకులు
* ముప్పు ధార ఎత్తులో లేదు.. దాటి వచ్చిన వాగులో ఉంది
* నిషేధ ఫలకాలతో సరిపెడితే ఆగని అడుగులు

వెంకటాపురం (ములుగు జిల్లా): తొలకరి జల్లులు పడి గుట్టలు పచ్చబడటంతోనే ఏటా జిల్లాలోని అటవీ జలపాతాల వైపు పట్టణవాసుల అడుగులు పడుతుంటాయి. ఆదివారం వేకువనే వరంగల్, హన్మకొండల నుంచి బయలుదేరి, అడవిలో కొద్ది గంటలు నడిచి, ధార వద్ద కాసేపు సేదతీరి, రాత్రికి ఇల్లు చేరాలన్నది అత్యధికుల ఆలోచన. ఆ ఆలోచనలో తప్పేమీ లేదు. అయితే వెళ్లే దారిని గురించి పదిమందిని విచారించేవారిలో తిరిగి వచ్చే దారిని గురించి లెక్క వేసుకునేవారు అరుదు. గడచిన కొన్నేళ్లలో ఈ జిల్లాలోనూ, పొరుగు రాష్ట్రంలోని మన్యంలోనూ చోటుచేసుకున్న సంఘటనలను వరుసగా పరిశీలిస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. ప్రాణాపాయం జలపాతం ఎత్తులో కంటే ఎగువన కంటికి కనిపించకుండా కురిసే వానలోను, ఉదయం సులువుగా దాటి వచ్చిన వాగులోను పొంచి ఉంటోంది.

ఆ రాత్రి ఏం జరిగింది?

వెంకటాపురం మండలం వీరభద్రవరం సమీప అడవిలోని ముత్యంధార జలపాతానికి 2023 జులై 26న పలు ప్రాంతాల నుంచి సందర్శకులు వచ్చారు. స్థానికంగా ముత్యాలధార అని కూడా పిలిచే ఈ జలపాతం నిట్టనిలువు కొండచరియ మీదుగా సన్నని తెల్లని పాయగా దూకుతుంది. ఊరు దాటాక అడవిలో నడిచి, వాగును దాటితే గానీ అక్కడికి చేరుకోలేరు. ఆ రోజు ఉదయం దాటిన వాగే సాయంత్రానికి ఉప్పొంగి, 80 మందికి పైగా అడవిలో చిక్కుకుపోయారు. సమాచారం అందుకున్న పోలీసులు, జాతీయ విపత్తు స్పందన దళం సిబ్బంది హోరువానలో అడవిలోకి వెళ్లి వారిని 27వ తేదీ తెల్లవారుజామున క్షేమంగా వెలుపలికి తీసుకువచ్చారు.

ఇంతమంది ఉన్నా ఒక్క ప్రాణం కూడా పోకపోవడానికి కారణమేమిటన్నది ఆలోచించదగిన విషయం. వాగు దాటే ప్రయత్నం చేయవద్దని, ఎత్తైన చోట ఉండాలని, చరవాణుల్లో ఛార్జింగు పొదుపు చేసుకోవాలని పోలీసు అధికారులు ఫోనులో వారికి సూచించారు. వారు ఆ మాట విన్నారు. తడిసి, ఆకలితో, చీకట్లో రాత్రంతా అడవిలో గడపడం కష్టమే. అయినా ఆ కష్టమే వారిని కాపాడింది. ఆ గుంపులో నలుగురు తొందరపడి నీటిలో అడుగు పెట్టి ఉంటే వార్త మరో విధంగా రాయవలసి వచ్చేది. పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలన్న సామెత ఇక్కడ అక్షరాలా నిజమైంది.

ఆ 24 గంటల్లో జిల్లాలో కురిసిన వాన సామాన్యమైనది కాదు. జులై 27 ఉదయం వరకు వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వర్షపాతం నమోదైంది. తెలంగాణలో ఒక్క రోజులో అంతటి వాన నమోదు కావడం అదే ప్రథమం. ఏటూరునాగారం మండలం కొండాయి గ్రామాన్ని జంపన్నవాగు ముంచెత్తి పలువురిని పొట్టనబెట్టుకున్నదీ అప్పుడే. ఇక్కడ ఒక వివరం గమనార్హం. వెంకటాపూర్ వేరు, వెంకటాపురం వేరు. మొదటిది గోదావరికి ఈవల రామప్ప వైపు ఉండగా, రెండవది నదికి ఆవల ఛత్తీస్‌గఢ్ సరిహద్దున ఉంది. దూరం నుంచి వచ్చేవారు ఫోనులో వాతావరణం చూసుకునేటప్పుడు పేర్లు తారుమారైతే చూసిన వాన ఒక చోటిది, నడిచే అడవి మరొక చోటిది అవుతుంది.

వాగు ఎందుకు మోసగిస్తుంది?

మైదానంలోని చెరువు నిండటానికి రోజులు పడుతుంది. కొండవాగు సంగతి అది కాదు. నిటారు గుట్టలపై మట్టి పొర పలుచన. దాని కింద రాయి. జూన్ నెలలో తొలి వానలను ఆ మట్టి కొంత పీల్చుకుంటుంది. జులై మూడోవారం వచ్చేసరికి అది తడిసి ముద్దవుతుంది. ఆ తరువాత పడిన ప్రతి చినుకూ జారి వాగులో చేరవలసిందే. అందుకే ఒకే మోతాదు వానకు జూన్‌లో మడమలు తడిపిన వాగు ఆగస్టులో నడుము లోతున పారుతుంది.

లెక్క చూస్తే తీవ్రత బోధపడుతుంది. ఒక చదరపు కిలోమీటరు నేలపై ఒక్క సెంటీమీటరు వాన కురిస్తే కోటి లీటర్ల నీరవుతుంది. పది చదరపు కిలోమీటర్ల గుట్టలపై ఐదు సెంటీమీటర్లు కురిస్తే 50 కోట్ల లీటర్లు. అందులో సగం జారినా పాతిక కోట్ల లీటర్లు ఒక సన్నని పాయ గుండా కొద్ది గంటల్లో దిగి రావాలి. ఆ వాన కురిసే గుట్ట జలపాతానికి పైన, సరిహద్దుకు ఆవల ఉండవచ్చు. కింద నిలబడినవారి తలపై ఎండ కాస్తూ ఉండవచ్చు. ‘ఇక్కడ వాన లేదు కదా’ అన్న ధీమాకు అడవిలో విలువ లేకపోవడానికి కారణం ఇదే.

నీటి తోపుడు శక్తి సైతం సామాన్యులు ఊహించే తీరులో పెరగదు. ప్రవాహ వేగం రెట్టింపైతే కాళ్లపై పడే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. మోకాలి లోతే కదా అని దిగినవారు కూలిపోయేది ఇందుకే. అడుగున పాచి పట్టిన గుండ్రాళ్లు ఉంటే ఈతగాడైనా నిలదొక్కుకోలేడు. నడుముకు తాడు కట్టుకుని దాటడం క్షేమమన్న అపోహ కూడా ఉంది. జారి పడిన మనిషిని తాడు బిగబట్టి ప్రవాహం నీటి అడుగుకు నొక్కేస్తుంది. శిక్షణ పొందిన సిబ్బంది చేసే పనిని చూసి అనుకరించడం ప్రమాదకరం.

వరద ముందుగా కొన్ని గుర్తులు చూపిస్తుంది. తేటగా ఉన్న నీరు ఉన్నట్టుండి ఎర్రబారుతుంది. ఎండుటాకులు, పుల్లలు, నురగ కొట్టుకు వస్తాయి. ఎగువ నుంచి హోరు వినిపిస్తుంది. కొన్నిసార్లు పారుతున్న నీరు హఠాత్తుగా తగ్గిపోతుంది. పైన చెట్లు, మట్టి అడ్డుపడి నీరు నిలిచిందని, ఆ అడ్డు తెగితే ఒక్కుమ్మడిగా విరుచుకుపడుతుందని దానికి అర్థం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా బట్టలు, సామాను చూసుకోకుండా పక్కనున్న మెరకకు చేరుకోవాలి. ప్రవాహం దిశలో పరుగెత్తకూడదు.

మారేడుమిల్లి నేర్పిన పాఠం

ముత్యంధార సంఘటనలో నిరీక్షించే వ్యవధి దొరికింది. అన్నిచోట్లా ఆ అదృష్టం దక్కదు. ఆంధ్రప్రదేశ్‌లోని అప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లా మారేడుమిల్లి సమీపంలోని జలతరంగిణి జలపాతం వద్దకు 2024 సెప్టెంబరు 22న ఏలూరు నుంచి వైద్య విద్యార్థుల బృందం విహారానికి వెళ్లింది. నీటిలో ఉండగా ఒక్కసారిగా ప్రవాహం పెరిగి ఐదుగురు కొట్టుకుపోయారు. ఇద్దరిని రక్షించగలిగారు. ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. వారు వెళ్లినది ఎవరికీ తెలియని మారుమూల అడవికి కాదు. రహదారికి చేరువలో, నిత్యం జనం వచ్చిపోయే చోటికే. జనసంచారం ఉన్న చోటు క్షేమమన్న భావన ఎంత బలహీనమైనదో ఆ ఆదివారం చాటి చెప్పింది.

సెప్టెంబరు నాలుగో వారమంటే వానాకాలం ముగింపు దశ. పెద్ద వానలు వెనుకబడ్డాయనుకునే సమయం. నైరుతి రుతుపవనాలు తెలంగాణ, కోస్తా ప్రాంతాల నుంచి పూర్తిగా వెనుదిరిగేది సాధారణంగా అక్టోబరు మధ్యలోనే. అందువల్ల జులై, ఆగస్టు నెలలే ప్రమాదమని, ఆ తరువాత భయం లేదని అనుకోవడానికి వీలు లేదు.

నిషేధం ఎంతవరకు?

ప్రతి దుర్ఘటన తరువాత అధికార యంత్రాంగం చేసే మొదటి పని ప్రవేశాన్ని నిలిపివేయడం. వాజేడు మండలం చీకుపల్లి వద్దనున్న బొగత జలపాతం ఉద్ధృతంగా పారే రోజుల్లో సందర్శకులను అటవీశాఖ అనుమతించకపోవడం పరిపాటి. బొగత వద్ద ఇది సాధ్యమే. అక్కడికి రహదారి ఉంది, ద్వారం ఉంది, రుసుము వసూలు చేసే సిబ్బంది ఉన్నారు. తలుపు మూస్తే దారి మూసినట్లే.

గుట్టల నడుమ ఉన్న మిగిలిన జలపాతాలకు ద్వారం లేదు, కంచె లేదు. పశువుల బాటలు, వెదురు నరికే బాటలు, తునికాకు బాటలు నలుదిక్కులా ఉంటాయి. ఒక బాటపై ఫలకం నాటితే మరో బాట తెరిచే ఉంటుంది. ఇదే వెంకటాపురం మండలంలోని మహితాపురం జలపాతానికి 2025 జులైలో వెళ్లిన ఏడుగురు ఇంజినీరింగు విద్యార్థులు అడవిలో దారి తప్పారు. పోలీసులు, అటవీ సిబ్బంది రాత్రివేళ గాలించి వారిని వెలుపలికి తెచ్చారు. 2023 నాటి సంఘటన రాష్ట్రమంతటా చర్చకు వచ్చిన రెండేళ్లకే, అదే మండలంలో, అదే నెలలో ఇది జరగడం గమనార్హం. నిషేధం మంచివారిని ఆపుతుంది. ఆగనివారిని దొంగదారికి మళ్లిస్తుంది. దొంగదారిన వెళ్లినవాడు ఎవరికీ చెప్పి వెళ్లడు కనుక, చిక్కుకుపోతే వెదకవలసిన దిక్కు సైతం తెలియదు. అసలు ముప్పు ఇక్కడే ఉంది.

చట్టం లేదని కాదు. 1967 నాటి అటవీ చట్టం ప్రకారం రిజర్వు అడవిలోకి అనుమతి లేకుండా ప్రవేశించడం నేరం. కానీ వేల ఎకరాల బీటును ఒక్క అధికారి, ఒకరిద్దరు వాచర్లు కాయవలసిన చోట, ఆదివారం నాడు ప్రతి బాట వద్దా మనిషిని నిలబెట్టడం జరిగే పని కాదు.

ఈ ప్రాంతపు అడవికి మరో ప్రత్యేకత కూడా ఉంది. వాజేడు మండలం కొంగాల సమీప గుట్టపై 2024 జూన్‌లో మందుపాతర పేలి ఒక గ్రామస్థుడు మరణించాడు. కర్రెగుట్టల్లో బాంబులు అమర్చామని, ప్రజలు అటు రావద్దని 2025 ఏప్రిల్‌లో మావోయిస్టుల పేరిట ప్రకటన వెలువడింది. ఆ తరువాత అక్కడ భద్రతా బలగాల భారీ గాలింపు సాగింది. 2025 మే 8న వాజేడు మండల అడవిలో జరిగిన పేలుడులో ముగ్గురు పోలీసు జవాన్లు అసువులు బాశారు. ఈ గుట్టల్లో బాట విడిచి పక్కకు తిరగడమంటే దారి తప్పడం ఒక్కటే కాదని దీనిని బట్టి గ్రహించాలి. పోలీసు, అటవీ శాఖల మాట తెలుసుకోకుండా కొత్త జలపాతాన్ని ‘కనుగొనే’ సరదా ఇక్కడ తగదు.

లెక్క వెనుక నుంచి వేయాలి

ఇక అనుమతి ఉన్న జలపాతానికి, అనుమతి ఉన్న రోజున, ఒక్క పూట నడకకు వెళ్లదలచినవారు ఏం చేయాలి? సాధారణంగా బయలుదేరే సమయం నుంచి లెక్క మొదలుపెడతారు. దానిని తిరగవేసి, చివరి వాగును తిరిగి దాటే సమయం నుంచి మొదలుపెట్టడం మేలు.

జులై నెలాఖరున ఇక్కడ సూర్యాస్తమయం దాదాపు 6.45 గంటలకు. గుట్టల నడుమ, దట్టమైన చెట్ల కింద అంతకు ముప్పావు గంట ముందే చీకటి ముసురుతుంది. మధ్యాహ్నం తరువాత ఉరుముల వానలు పడే అవకాశం ఎక్కువ. కనుక వాగులను దాటి ఊరి దాపునకు మూడు గంటలకే చేరుకోవాలని ముందుగా నిర్ణయించుకోవాలి. రాళ్లు, బురద ఉన్న అడవి బాటపై పిల్లలు, పెద్దలు కలిసి నడిస్తే గంటకు రెండు కిలోమీటర్లకు మించి సాగదు. తడిసిన బండలపై దిగడం ఎక్కడం కంటే తేలిక కాదు. వెళ్లడానికి రెండు గంటలు పడితే రావడానికీ రెండు గంటలు, అలసటకు మరో అరగంట వేసుకోవాలి. అంటే పన్నెండున్నరకు వెనుదిరగాలి. జలపాతం కనుచూపు మేరలోకి వచ్చినా, ఇంకా రాకపోయినా ఆ గడియకు వెనుదిరగవలసిందే. వెంట వచ్చినవారందరూ బయలుదేరే ముందే దీనికి ఒప్పుకోవాలి. అడవిలో చర్చ మొదలైతే ఎప్పుడూ ముందుకు వెళదామన్నవారే గెలుస్తారు.

వరంగల్ నుంచి వచ్చేవారికి రోడ్డు ప్రయాణమే మూడు గంటలకు పైబడుతుంది. 2016లో ముళ్లకట్ట వద్ద గోదావరిపై వంతెన ప్రారంభం కావడంతో భద్రాచలం చుట్టూ తిరిగి రావలసిన అవసరం తప్పింది. ఈ సౌకర్యమే ఒక్క రోజు విహారాన్ని సాధ్యం చేసింది. తొమ్మిది గంటలకల్లా నడక మొదలు కావాలంటే ఇంటి వద్ద ఐదు గంటలకే కదలాలి. పదకొండు గంటలకు ఊరు చేరినవారు ఆ రోజుకు అడవి నడక మానుకుని, బొగత వంటి రోడ్డు దాపు జలపాతంతో సంతృప్తి చెందడం ఉత్తమం.

తిరుగు దారి అంటే అడవి బాట ఒక్కటే కాదు. గోదావరి పోటెత్తితే వాజేడు, వెంకటాపురం మండలాల్లో వాగులు ఎగదన్ని రోడ్లు మునుగుతాయి. భద్రాచలం వద్ద 43 అడుగులకు మొదటి, 48 అడుగులకు రెండవ, 53 అడుగులకు మూడవ ప్రమాద హెచ్చరిక జారీ చేస్తారు. 2022 జులైలో నది అక్కడ 71 అడుగులు దాటింది. కనుక నదిమట్టం హెచ్చరిక స్థాయికి చేరువవుతున్న వారంలో ఆకాశం నిర్మలంగా ఉన్నా ప్రయాణం వాయిదా వేసుకోవాలి.

వాన సూచన చూసుకోవడంలోనూ పద్ధతి ఉంది. భారత వాతావరణ శాఖ పసుపు, నారింజ, ఎరుపు రంగులలో హెచ్చరికలు ఇస్తుంది. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షమని, 115.6 మిల్లీమీటర్ల నుంచి అతి భారీ వర్షమని, 204.4 మిల్లీమీటర్లు మించితే అత్యంత భారీ వర్షమని ఆ శాఖ వర్గీకరణ. జలపాతం ఉన్న జిల్లాకు మాత్రమే కాక, సరిహద్దుకు ఆవలనున్న ఛత్తీస్‌గఢ్ బీజాపుర్ జిల్లాకు కూడా హెచ్చరిక చూసుకోవాలి. ఎందుకంటే ఇక్కడి కొన్ని వాగులకు నీరు ఆ గుట్టల నుంచే వస్తుంది. నారింజ లేదా ఎరుపు ఏ వైపు కనిపించినా ప్రయాణం మానుకోవాలి. అంతకు ముందు రెండు రోజులుగా వాన కురుస్తుంటే పసుపు రంగును సైతం తేలికగా తీసుకోరాదు.

వాగు ఒడ్డున ఒక్క క్షణం

వెళ్లేటప్పుడు వాగు నీటి అంచున ఒక కర్ర గుచ్చడమో, బండపై గుర్తు పెట్టడమో చేయాలి. మధ్యలో ఒకరు వచ్చి చూసుకునే వీలుంటే మరీ మంచిది. తిరిగి వచ్చేసరికి ఆ గుర్తు మునిగి ఉంటే నీరు పెరుగుతున్నదని తేలుతుంది. వెళ్లేటప్పుడే మోకాలి లోతు ఉన్నా, అడుగు కనిపించకపోయినా అక్కడి నుంచే మరలాలి. తిరుగు ప్రయాణంలో నీరు పెరిగి కనిపిస్తే మెరక మీద ఆగిపోవాలి. వాన తగ్గిన కొద్ది గంటల్లోనే కొండవాగు చాలావరకు తీస్తుంది. ఎక్కిన వేగంతోనే దిగడం దాని స్వభావం.

ఈ ఆగే ఓపిక ఉండాలంటే ఆగడానికి తగిన సరంజామా ఉండాలి. ఒక్క పూట నడకకైనా ఒక రాత్రికి సరిపడే అటుకులు, బెల్లం, పల్లీలు, మంచినీళ్లు, టార్చిలైటు, పొడి బట్ట, వానకోటు, విజిల్ వెంట ఉంచుకోవాలి. చరవాణిని ప్లాస్టిక్ సంచిలో చుట్టుకోవాలి. అడవిలో సంకేతాలు అందని చోట్లు అనేకం కనుక ఫోనుపైనే భారం వేయరాదు. ఎక్కడికి వెళుతున్నారు, ఎందరు వెళుతున్నారు, ఎన్ని గంటలకు తిరిగి వస్తారు అన్న మూడు సంగతులను ఇంట్లో ఒకరికి, ఊళ్లో ఒకరికి చెప్పి వెళ్లాలి. చెప్పిన గడియకు రాకపోతే 112కు ఫోను చేయాలని కూడా చెప్పి ఉంచాలి.

చెట్ల కింద వానకు తలదాచుకోవడంలోనూ జాగ్రత్త అవసరం. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం అడవుల్లో వీచిన పెనుగాలికి వందల ఎకరాల్లో వేలాది చెట్లు కూలిన సంగతి తెలిసిందే. పిడుగుల సమయంలో ఒంటరి పెద్ద చెట్టు కింద, ఎత్తైన బండపై నిలబడకూడదు. కొండచరియలకు పట్టే పెద్ద తేనెపట్టుల సమీపంలో పొగ పెట్టడం, రాళ్లు విసరడం ప్రాణాంతకం. పాము కాటు వేస్తే కోయడం, పీల్చడం, బిగించి కట్టడం చేయకుండా, ఆ అవయవాన్ని కదలనీయక, 108కి ఫోను చేసి విషానికి విరుగుడు మందు ఉండే ఆసుపత్రికి చేర్చాలి. ఏజెన్సీలో మలేరియా బెడద ఉన్నందున, తిరిగి వెళ్లిన ఒకటి రెండు వారాల్లో జ్వరం వస్తే రక్తపరీక్ష చేయించుకుని, అడవికి వెళ్లివచ్చిన విషయాన్ని వైద్యుడికి చెప్పడం మరువరాదు.

బాటను ఊరివారి చేతికి ఇవ్వాలి

సందర్శకుడి జాగ్రత్త ఒక్కటే చాలదు. తలుపు పూర్తిగా మూయడం, పూర్తిగా తెరవడం అన్న రెండు మార్గాల నడుమ మూడవ మార్గం ఒకటుంది. ఆంధ్రప్రదేశ్‌లో తలకోన, మారేడుమిల్లి ప్రాంతాల్లో అటవీశాఖ వన సంరక్షణ సమితుల ద్వారా పర్యావరణ పర్యాటకాన్ని నడిపించింది. ప్రవేశ రుసుము, బస, మార్గదర్శనం స్థానికుల చేతుల మీదుగా సాగితే ఆ ఆదాయంలో వారికి వాటా దక్కుతుంది. అయితే అదే మారేడుమిల్లి ప్రాంతంలో 2024లో ముగ్గురు విద్యార్థులు మరణించారన్నదీ మరువరాదు. పర్యాటకం ఉన్నంత మాత్రాన భద్రత ఉన్నట్లు కాదు. నీటిని కనిపెట్టి ఉండే మనిషి, ఆపగల అధికారం ఆ మనిషికి ఉండాలి.

ఇక్కడి గుట్టల్లో వాగు తీరు తెలిసినవారు కోయ గూడేలవారే. ఏ మబ్బుకు ఏ వాగు వస్తుందో, ఏ రేవులో అడుగు గట్టిగా ఉంటుందో వారికి తెలిసినంతగా పటం చూసి వచ్చినవారికి తెలియదు. ఆ తెలివికి ఇప్పుడు విలువ లేదు. సందర్శకులు చిక్కుకుపోయిన రాత్రి మాత్రమే ఊరివారు గుర్తుకు వస్తున్నారు. ప్రతి బృందం వెంట ఊరి నుంచి ఒక మార్గదర్శకుడు తప్పనిసరి అన్న నియమం పెట్టి, అతడి కూలిని రుసుములో కలిపితే మూడు పనులు ఒక్కసారే నెరవేరుతాయి. లోపలికి వెళ్లినవారి లెక్క ఉంటుంది. వెనుదిరగాలని చెప్పే పెద్దమనిషి ఉంటాడు. వ్యవసాయ పనులు లేని నెలల్లో గూడేనికి నాలుగు రూపాయలు దక్కుతాయి.

దీనికి చట్టపరమైన ప్రాతిపదిక కూడా లేకపోలేదు. షెడ్యూల్డు ప్రాంతాల్లో గ్రామసభలకు అధికారాలిచ్చే పెసా చట్టం 1996లో వచ్చింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం హక్కుదారులకు, గ్రామసభలకు అడవిని, వన్యప్రాణులను, నీటి వనరులను కాపాడే అధికారాన్ని కల్పించింది. జలపాతపు బాటపై ఏ రోజు ఎందరిని అనుమతించాలన్న నిర్ణయంలో గ్రామసభకు పాత్ర కల్పించడం ఆ చట్టాల స్ఫూర్తికి అనుగుణమే అవుతుంది.

పెద్ద వ్యయంతో కూడిన పనులు అవసరం లేదు. వాగు దాటే చోట ఒక సిమెంటు స్తంభంపై పచ్చ, ఎరుపు గీతలు గీయిస్తే ఎరుపు మునిగితే దాటరాదని చదువురానివారికీ అర్థమవుతుంది. ఎగువ గూడెంలో ఒక వర్షమాపకం, కబురు చెప్పే ఏర్పాటు ఉంటే గంట ముందు హెచ్చరిక అందుతుంది. ప్రవేశం వద్ద ఒక పుస్తకం, వెళ్లిన, వచ్చిన వేళల నమోదు ఉంటే చాలు, సాయంత్రానికి ఎవరు మిగిలిపోయారో తెలిసిపోతుంది. మధ్యాహ్నం తరువాత ఎవరినీ లోపలికి పంపకూడదన్న నియమానికి పైసా ఖర్చు లేదు. ప్రమాదం జరిగాక వారం రోజులు మూసి, జనం మరచిపోయాక తెరవడం కంటే, కురిసిన వానను కొలిచి మూయడం, వాగు తీశాక తెరవడం సబబు. అప్పుడు నిషేధానికి కారణం కనిపిస్తుంది. కారణం కనిపించిన నిషేధాన్ని జనం గౌరవిస్తారు.

దసరా దాటాక వెళితే నష్టమేమిటి?

జలపాతం నిండుగా దూకే చిత్రాలు చూసి జులైలోనే వెళ్లాలని ఉబలాటపడటం సహజం. కానీ ప్రశాంతతను కోరి అడవికి వెళ్లేవారికి ఆ నెల అనువైనది కాదు. ఆ రోజుల్లో జలపాతాల వద్ద ఉండేది జాతర. వాహనాల బారులు, పాటల పెట్టెల మోత, ఖాళీ సీసాలు, ప్లాస్టిక్ పళ్లేలు. వాగులో పగిలిన సీసా పశువుల కాళ్లను కోస్తుందని, అదే నీరు కింద గూడెంలో బిందెలకెక్కుతుందని విహారానికి వచ్చినవారికి తోచకపోవడం విచారకరం.

రుతుపవనాలు వెనుదిరిగాక, దసరా నుంచి సంక్రాంతి వరకు ఉన్న కాలం నడకకు అనుకూలం. ధార సన్నబడుతుంది గానీ నీరు తేటపడుతుంది. వాగుల అడుగు కనిపిస్తుంది. బాట ఆరుతుంది. జనం పలుచబడతారు. పిట్ట కూత, నీటి చప్పుడు తప్ప మరేమీ వినిపించని గంట దొరికేది అప్పుడే. నవంబరులో పొద్దు ఐదున్నర దాటిన కాసేపటికే వాలుతుంది కనుక వెనుదిరిగే గడియను మరింత ముందుకు జరుపుకోవాలి. బంగాళాఖాతంలో తుపాను ఉన్న వారాలను విడిచిపెట్టాలి.

2023 జులైలో 80 మందికి పైగా ప్రాణాలతో బయటపడ్డారంటే అందులో సిబ్బంది సాహసం ఎంత ఉందో, ఒడ్డున ఆగిన సందర్శకుల వివేకమూ అంతే ఉంది. సాహసాన్ని ప్రతి ఏటా పరీక్షకు పెట్టడం పాలన అనిపించుకోదు. తిరుగు దారికి లెక్క చూపగల బాటలను మాత్రమే తెరిచి, వాటిని ఊరివారి కాపలాలో ఉంచే నిర్ణయం వచ్చే వానాకాలం లోపు జిల్లా యంత్రాంగం తీసుకోవలసి ఉంది. అంతవరకు వాగు ఒడ్డున నిలిచి ‘దాటగలమా’ అని సందేహించిన ప్రతి ఒక్కరికీ ఒకటే జవాబు. సందేహం కలిగిందంటే దాటకూడదు.